బాప్తిస్మానికి ఏడు చీరలు

నాకు ఒకచోట కుదురుగా ఉండడం చేతకాదు. కుట్టుమిషను తొక్కుతున్నప్పుడు తప్ప అయిదు నిమిషాలు కూర్చోలేను. మా ఆయన రాబర్ట్ నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర సూపర్‌వైజరు, వారానికోసారి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా "ఒక్కపాలి కూకోయే, నిన్ను సూస్తంటే నాకు కళ్ళు తిరుగుతన్నాయి" అంటాడు. తిరగనీ. కూర్చునే మనిషినైతే రెండేళ్ళలో నూట నలభై మందికి ఫోనులో బట్టలు అమ్మగలిగేదాన్నా?

నాకు దుకాణమూ లేదు, సరుకూ లేదు. ఉన్నదల్లా ఒక యాప్. అందులో చీరలు, పిల్లల గౌన్లు, చెప్పులు, దుప్పట్లు, అన్నీ నరసన్నపేట ధరలో సగం. ఒక్కోసారి ఆ సగంలో సగం. ఆ ఫొటోలు నా వాట్సాప్ గ్రూపులో పెడతాను. మా పేట ఆడవాళ్ళు చూసి ఇది కావాలి, అది కావాలి అంటారు. నేను బుక్ చేస్తాను, పార్సిలు నా ఇంటికొస్తుంది, దానిమీద నాకు పదో ఇరవయ్యో మిగులుతుంది. గ్రూపు పేరు షాలిని కలెక్షన్స్. షాలిని అంటే నేనే.

గౌను రంగు పోయిందనో, చెప్పు అడుగు ఊడిందనో ఎవరైనా వస్తే నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధం. "ఆ రేటుకి ఇంకేటొస్తాదే? పట్టుసీరొస్తాదా?" అనేదాన్ని. వాళ్ళు నవ్వేసి పోయేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అంతకుముందు మా పేటకి జగన్నాధం అని ఒకాయన టీవీఎస్ మీద బట్టలమూట కట్టుకొచ్చేవాడు. ఏ చీర చూపించినా ముందు చెంబుడు నీళ్ళడిగేవాడు. చీర మూల ముంచి, పిండి, అరచేతి మీద పరిచి, "సూడమ్మా, తడిసేక సెయ్యి అవుపిస్తందేటి?" అనేవాడు. వాయిదాల మీద ఇచ్చేవాడు గాని ధర గట్టిది. ఒకరోజు అందరి ముందూ ఆయన మొహం మీద ఫోను పెట్టి, "ఇదుగో మావా, ఇదే రంగు సీర, నీ రేటులో సగం. ఇంకెన్నాళ్ళు దోసుకుంటావు మమ్మల్ని?" అన్నాను. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆయన మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా పేటకి రాలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. ఇది రెండువేల పంతొమ్మిది డిసెంబరులో జరిగింది.

మాది శ్రీముఖలింగం దాటాక వంశధార గట్టున ఉన్న పేట. మా బాప్టిస్టు సంఘంలో క్రిస్మస్‌కి ముందు బాప్తిస్మాలిస్తారు. నడుము లోతు నీళ్ళలో పాస్టరు డేవిడ్‌రాజుగారు నిలబడి ఒక్కొక్కరినే పిలిచి, వెనక్కి వాల్చి, తలతో సహా ముంచి లేపుతారు. తెల్లబట్టలే కట్టుకోవాలి. సంఘమంతా గట్టు మీద పాటలు పాడుతుంది, పేటలో మిగతావాళ్ళూ చూడ్డానికొస్తారు. ఆ ఏడాది బాప్తిస్మానికి ఏడుగురు ఆడవాళ్ళు తేలారు. అందులో ఒకతె నా కూతురు మెర్సీ, పదహారేళ్ళది. ఇంకొకతె చిన్నతల్లి. అరవై దాటిన మనిషి, ఊడ్పులకీ కోతలకీ కూలికెళ్తుంది. పన్నెండేళ్ళుగా ఆదివారం తప్పకుండా చర్చికొస్తూనే, బాప్తిస్మం అనేసరికి "వొచ్చే యేడు సూద్దారి" అంటూ తప్పించుకునేది. కట్టుకోవడానికి తెల్లచీర లేదని ఎవరికీ చెప్పుకోలేదు. పాస్టరుగారి భార్య అన్నమ్మగారు ఎలా పసిగట్టారో, నన్ను పిలిపించారు.

"షాలినీ, ఏడుగురికీ ఒకేలాటి సీరలు నీ ఫోన్లో దొరుకుతాయేటమ్మా? అందరికీ అందే రేటులో సూడు."

పాస్టరమ్మగారు నన్నడిగేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. ఆ సాయంత్రమే వెతికాను. తెల్ల కాటన్ చీర, జాకెట్టు ముక్క, లంగా, మూడూ కలిపి ఒక సెట్టు, రెండువందల ఇరవై. ఫొటోలో గుడ్డ నిండుగా, ఒత్తుగా ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చూపించాను.

"గుడ్డ ఎలగుంటాదో ఏటో" అంది చిన్నతల్లి.

"నా మాట మీద కొనుక్కో పిన్నీ. తేడా వస్తే నన్నడుగు" అన్నాను. అన్నమ్మగారు వింటుండగా, అందరూ వింటుండగా అన్నాను.

పార్సిలు నాలుగు రోజులు ఆలస్యమై శనివారం పదకొండు గంటలకొచ్చింది. తెల్లవారితే బాప్తిస్మం. అందరూ నా వాకిట్లోనే కాసుక్కూర్చున్నారు. చీరలు విప్పితే ఫెళఫెళలాడాయి, చేతికి బరువుగా తగిలాయి. చిన్నతల్లి తన చీరని చెంపకి ఆనించుకుని, "ఓలమ్మో, కొత్తగుడ్డ వాసన!" అని కళ్ళు మూసుకుంది. చీరలూ లంగాలూ తీసుకుని అందరూ వెళ్ళారు. జాకెట్టు ముక్కలు నా దగ్గరుంచుకున్నాను, సాయంత్రానికి ఏడూ కుట్టివ్వాలి.

మూడో జాకెట్టు కుడుతుంటే మిషను నూనె చుక్క పడింది. ఛ అనుకుని సబ్బునీళ్ళు పెట్టి రుద్దాను. చేతికి జిగురుగా తగిలింది. రుద్దినకొద్దీ తెల్లగా గంజి దిగుతోంది. నూనెమరక పోయింది గాని దాంతోపాటు గుడ్డ బరువూ పోయింది. పిండి చేతిమీద పరిచాను. అయిదు వేళ్ళూ కనిపించాయి. గోళ్ళు కనిపించాయి. చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న మచ్చ కూడా కనిపించింది.

గబగబా మెర్సీ చీర కొంగూ లంగా అంచూ బక్కెట్లో ముంచి చూశాను. అవీ అంతే, దోమతెరలు.

నీళ్ళలో మునిగి లేచాక, బట్టలు మార్చుకునే తాటాకుల దడి దాకా అందరి ముందునుంచీ నడిచిపోవాలి. గట్టు మీద రెండు మూడు వందల మంది ఉంటారు. ప్రతి కుర్రాడి చేతిలోనూ కెమెరా ఫోనుంటుంది. ఒకడు వీడియో తీస్తే చాలు, మధ్యాహ్నానికి మండలమంతా తిరుగుతుంది. ఆ తరవాత ఆ ఏడుగురూ ఏ మొహం పెట్టుకుని వీధిలోకొస్తారు?

యాప్ తెరిచాను. సహాయం అన్నచోట నొక్కితే ఫొటో పెట్టమంది, పెట్టాను. ఏడు రోజుల్లో మనిషొచ్చి చీరలు తీసుకెళ్తాడంది. తెల్లారితే బాప్తిస్మం తల్లీ అని రాశాను. మీకు సహాయపడినందుకు సంతోషం, మా సేవకి ఎన్ని స్టార్లిస్తారు అనడిగింది. ఫోను మంచం మీదికి విసిరికొట్టాను. మళ్ళీ నేనే వెళ్ళి తీసుకున్నాను. ఫొటోలో తెల్లచీర కట్టుకున్న ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. ఆ పిల్ల ఒంటిమీదున్నది ఈ చీర కానేకాదు. దొంగసచ్చినోళ్ళు! మంచి చీరకి ఫొటో తీసి గంజిగుడ్డ అమ్మారు. నోటికొచ్చినట్టు తిట్టి తిట్టి, ఒకచోట ఆగిపోయాను. ఆ ఫొటో మా పేటలో చూపించింది నేను కదా.

వంటింట్లోకీ వాకిట్లోకీ తిరిగాను. జగన్నాధం నంబరు ఇంకా ఫోనులో ఉంది. సిగ్గు చంపుకుని చేశాను.

"మావా, నాను షాలినిని. మందంగా ఉండే తెల్లసీరలు ఏడు గావాల. బేగి."

"సీరలేటమ్మా, మూట వొదిలేసి ఏడాదయిపోనాది. ఎచ్చెర్ల కాడ ఒక గొడౌనుకి కాపలా ఉంటన్నాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. "మీ పాపకి బాప్తిస్మమంట గదా. సల్లగుండాల."

ఫోను పెట్టేశాను.

నరసన్నపేట వెళ్ళి కొనుక్కురావచ్చు. ఇంట్లో అంత డబ్బు లేదు, మా ఆయన్నడగాలి, ఎందుకో చెప్పాలి. నిజానికి అంతదూరం కూడా అక్కర్లేదు. అందరిళ్ళలోనూ ముతక లంగాలున్నాయి, పాత జాకెట్లున్నాయి. ఏ రంగువైతేనేం? 'తెల్లచీర లోపల అవి వేసుకోండి, ఈ గుడ్డ తడిస్తే ఒళ్ళు కనబడుతుంది' అని చెబితే చాలు. గ్రూపులో పెడితే అర నిమిషం పని. రెండుసార్లు రాసి రెండుసార్లు చెరిపేశాను. అది పంపితే నేను అమ్మిన ప్రతి గౌనూ, ప్రతి చెప్పూ, ప్రతి దుప్పటీ తిరిగి నా మొహాన పడుతుంది. అన్నమ్మగారు ఇంకెప్పుడైనా నన్ను నమ్ముతారా?

ఉండబట్టలేక చిన్నతల్లి ఇంటికెళ్ళాను. చీరని దండెం మీద వేసి, దుమ్ము పడకుండా పైన దుప్పటి కప్పింది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి చూసి పోతున్నారు.

"రామ్మా, రా. మా వీదంతా వొచ్చి సూసెల్తన్నారు నీ సీరని" అంది.

"పిన్నీ, రేపు ఈ సీర లోపల..."

"ఏటమ్మా?"

దాని మొహం చూశాను. వెలిగిపోతోంది.

"ఏటీ నేదు. జాకెట్టు సేతులు పొడుగ్గా పెట్టాలా, పొట్టిగా పెట్టాలా అని" అన్నాను.

ఇంటికొచ్చి మళ్ళీ మిషనెక్కాను. బడిపిల్లల చొక్కాలు కుట్టగా మిగిలిన మందపాటి తెల్లగుడ్డ బీరువా అడుగున ఉంది. తీసి కొలిచాను. ఒక మనిషికి సరిపోతుంది. ఒక్క మనిషికే. ఇంకేం ఆలోచించలేదు. మెర్సీ జాకెట్టుకి లోపల రెండు పొరలు వేశాను, ఆ గుడ్డతోనే లంగా కూడా కుట్టాను. మెర్సీ వేసుకుని చూసుకుంది.

"ఏటమ్మా, ఇంత బరువుగా ఉన్నాది?"

"సలికి. డిసెంబరు నీళ్ళు గదా."

"మరి మిగతావోళ్ళకి?"

"అన్నీ నీకే గావాల. నోరు మూసుకుని తొడుక్కో" అని కసిరాను.

అయిదు గంటలకి మిగతా ఆరు జాకెట్లూ ఇంటింటికీ వెళ్ళి ఇచ్చొచ్చాను. ఒక్కొక్కరూ నా చేతులు పట్టుకుని థాంక్స్ చెబుతుంటే, రేపు పొగమంచుంటుందిలే, ఎవరికీ ఏమీ కనబడదులే అని నాలో నేను అనుకుంటున్నాను. పైగా పెద్దవాళ్ళు, వాళ్ళనెవరు చూస్తారులే అని కూడా అనుకున్నాను. దాచడమెందుకు, ఆ మాట నా మనసులోకొచ్చింది.

ఆదివారం పొద్దున్న మంచు లేదు. ఏటి మీద ఎండ తెల్లగా పరుచుకుంది. గట్టు నిండా జనం. మా ఆయన నౌపడ నుంచి తిన్నగా అక్కడికే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను నిలబడలేక అటూ ఇటూ కదులుతుంటే "ఏటయ్యిందే నీకు?" అన్నాడు. ఏం లేదన్నాను.

అందరికంటే చిన్నది కాబట్టి పాస్టరుగారు మెర్సీని ముందు పిలిచారు. మునిగింది, లేచింది. నా కళ్ళు దాని మొహం మీద లేవు, బట్టల మీద ఉన్నాయి. ఎక్కడా ఏమీ కనిపించలేదు. నా బిడ్డ నిండుగా, తెల్లగా, నీళ్ళోడుతూ నవ్వుకుంటూ గట్టెక్కి మా దగ్గరికొచ్చింది. దేవా నీకు స్తోత్రం అనుకున్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ ప్రార్థించలేదు.

పెద్దావిడ చలికి ఓర్చుకోలేదని పాస్టరుగారు తరవాత చిన్నతల్లిని పిలిచారు. రెండు చేతులూ జోడించుకుని, పైకి చూస్తూ నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా తడిసేసరికి గుడ్డ కాళ్ళకి అతుక్కుపోయింది. నల్లటి పిక్కలు, వాటిమీద ఉబ్బిన నరాలు కనబడిపోతున్నాయి. చిన్నతల్లి అది చూసుకోలేదు. నా వెనకాల ఎవరో కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఒకడు ఫోను పైకెత్తాడు.

"ఆగండి పాస్టరుగారూ!"

అరిచానని నాకు తరవాత తెలిసింది. అప్పటికే నీళ్ళలో ఉన్నాను. చిన్నతల్లికి అడ్డంగా నిలబడి, నా శాలువా తీసి దాని నడుముకి చుట్టాను. పాట ఆగిపోయింది.

"ఆ గుడ్డ మంచిది కాదు పిన్నీ. అంతా గంజే. తడిస్తే ఒంటిమీద ఏటీ లేనట్టే ఉంటాది. ఆ సీరతో మునగొద్దు. నాకు నిన్ననే తెలిసింది, సెప్పలేదు. తప్పు నాదే."

గట్టు మీద ఉన్న మిగతా అయిదుగురూ చప్పున తమ చీరల వంక చూసుకున్నారు. అన్నమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం, చెప్పకేం, పెద్ద బరువు దిగినట్టయింది. చెప్పేశాను, అందరి ముందూ ఒప్పుకున్నాను, ఇంక తిడితే తిట్టనీ అనుకున్నాను.

చిన్నతల్లి తిట్టలేదు. వంగి తన కాళ్ళు చూసుకుంది. శాలువా గట్టిగా బిగించుకుంది. తరవాత నా భుజం మీదుగా గట్టు మీదికి చూసింది. అక్కడ మా ఆయన పక్కన మెర్సీ నిలబడి ఉంది, తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతూ.

"మీ పాప సీర కూడా ఇదే గదమ్మా" అంది, నిజంగానే తెలియక. "అది మునిగి లేసింది. మరి దానికేటీ అవుపించనేదేటి?"

మెర్సీ చెయ్యి మెల్లగా తన జాకెట్టు మీదికి వెళ్ళడం చూశాను. బరువుగా ఉన్న ఆ గుడ్డని వేళ్ళతో పట్టి చూసుకుంది. తరవాత నావైపు చూసింది.

"దానికి లోపల మందపాటి గుడ్డేసి కుట్టాను పిన్నీ" అన్నాను. "దానికొక్కద్దానికే."