అమ్మను పంపని ఊరు

కోటపేట జగన్నాధాన్ని ఎవరైనా పెద్దమనిషి అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "పోనీలే తాయారూ, పెద్దోడు" అంటాడు మా ఆయన చినబాబు. పెద్దవాడే, కాదన్నదెవరు? పెద్దవాళ్లు ఆడిన చిన్న మాటలు మాత్రం మర్చిపోకూడదని నా పట్టు.

మా గెడ్డవలస గజపతినగరానికి ఎగువన, కొండ కింద ఉంటుంది. మాకూ కోటపేటకూ మధ్య గెడ్డ ఒకటి. ఎండాకాలం పిల్లలు ఆడుకునే ఆ వాగే వానాకాలం వస్తే మమ్మల్ని లోకానికి దూరం చేసేది. కోటపేటలో గుడి ఉన్న అసిరమ్మ తల్లికి మా ఊరు పుట్టిల్లు, వాళ్ల ఊరు అత్తవారిల్లు. ఏటా జ్యేష్ఠంలో అమ్మ ఘటం రూపంలో పుట్టింటికి వచ్చి మా ఇంటి అరుగు మీద ఒక రాత్రి ఉంటుంది. పసుపు నీళ్లలో వేపాకులు వేసిన ముర్రాట కుండలతో మా ఆడవాళ్లు ఎదురెళ్లి, ఘటం మోసేవాడికీ వెంట వచ్చిన పెద్దలకీ కాళ్లు కడుగుతారు. మర్నాడు మా ఇంటి కోడలు ఘటాన్ని తన చేత్తో ఎత్తి మోసేవాడి తల మీద పెడితేనే అమ్మ కదులుతుంది. అమ్మ తిరిగి వెళ్లి గుడిలో కూర్చుంటేనే కోటపేట పొలాల్లో విత్తనం పడుతుంది. తాతల నాటి కట్టుబాటు ఇది.

ఆ లెక్కన రెండు ఊళ్లూ వియ్యాలవారు. వరసకి జగన్నాధం నాకు అన్నయ్య. వియ్యాలవారి మధ్య వేళాకోళాలు ఉండేవే, మేమూ తక్కువ తినలేదు. నాలుగేళ్ల కిందట అతను ఆడింది మాత్రం వేళాకోళం కాదు.

ఆ ఏడు తొలకరి ముందే దిగింది. గెడ్డ నుంచి మా ఊరిదాకా ఒకటే బురద. మేము ముర్రాటలతో ఈ గట్టున, వాళ్లు ఘటంతో ఆ గట్టున నిలబడ్డాం. జగన్నాధం పంచె ఎగ్గట్టుకుని ముందుకొచ్చాడు.

"దారి నేని ఊరికి పుట్టిల్లేటి? ఆ బురదలో దిగితే మా కాళ్లు కడగడానికి మీ ఊరి నీళ్లన్నీ సాలవు. అమ్మకి ఇక్కడే దండం ఎట్టించి తిప్పీండ్రా" అన్నాడు.

అతని వెనక జనం నవ్వారు. డప్పులు వెనక్కి మళ్లాయి.

మా అత్త బుల్లమ్మ మోకాళ్ల నొప్పులతో గెడ్డ దాకా రాలేకపోయింది. అరుగు అలికించి, తన ముర్రాట కుండ పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. నన్ను చూసి, "డప్పులు దూరవైపోతన్నాయేటే?" అని అడిగింది. జరిగింది చెప్పాను.

"పిల్ల పుట్టింటి దాకా వచ్చి గుమ్మం తొక్కకుండా ఎల్లిపోనాదా" అంది. శ్రావణం దాటకుండా పోయింది. వయసు మీరి పోయిందన్నారు ఊళ్లో. జగన్నాధం మాట తగిలి పోయిందని నేనంటాను. ఆమె కుండను ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ కుండ నీళ్లతో అతని కాళ్లు కడిగేదాకా దానికి వేరే పని లేదని ఒట్టు పెట్టుకున్నాను.

దారి కోసం అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయిన ఊరు మాది. ఇక మనమే వేసుకుందామని పొదుపు సంఘం ఆడవాళ్ల దగ్గర మాటెత్తాను. మా సంఘం లీడరు యమున నోరున్న పిల్ల.

"పిన్నీ, నీకు దారి గావాలేటి, జగన్నాధం మీద కసి తీర్సుకోవాలేటి?" అంది.

"రెండూ గావాల. కసి నేకపోతే గంపెవలెత్తుతారే?"

అందరూ నవ్వారు గానీ, నవ్విన వాళ్లందరికీ ఆ గట్టున పడ్డ సిగ్గు గుర్తుంది. మర్నాడే గంపలు బయటికొచ్చాయి.

నాట్లకి ఒకరి మడిలో అందరం దిగినట్టే దిగాం. ఇంటికో మనిషి. దారిని ముక్కలు చేసి ఇంటింటికీ పంచాం. ఎవరి ముక్కలో గుంట పడితే ఆ గుంటకి వాళ్ల పేరు పెట్టాలని ఒప్పందం. మొదటి వానకే నా ముక్క కుంగింది. ఊళ్లో చంటిపిల్లలు కూడా "తాయారు గుంట" అంటుంటే తల కొట్టేసినట్టయింది. రాళ్లు పోసి, దిమ్మిసతో కొట్టి కొట్టి, చేతులు బొబ్బలెక్కించుకుని ఆ పేరు చెరిపాను. ఆ పేర్ల భయానికే ఎవరూ పని ఎగ్గొట్టలేదు. మా ఊరి కుర్రాడు త్రినాథ్ ట్రాక్టరు కొండ కింది ఎర్రకంకర తోలింది. రెండు వేసవులు పట్టింది. గెడ్డలో తూములు వేసి, రాతికట్టు కట్టి, దారిని అవతలి గట్టుకి చేర్చాం.

అక్కడి నుంచి గుడిదాకా కోటపేట పొలిమేర. మీ వైపూ మీరు వేసుకుంటే బాగుంటుందని మావాళ్లు వెళ్లి అడిగారు. "మాకు తారు రోడ్డు అటేపున్నాది. మీ ఊరి దారి మాకెందుకు?" అన్నాడు జగన్నాధం.

"పోనీ, మనవే ఏసీద్దుం పిన్నీ" అన్నాడు త్రినాథ్.

"ఒక్క గంప అటేపు పడిందంటే ఊరుకోను" అన్నాను. దారి ఆగిన చోట రాయి పాతించాం. 'గెడ్డవలస ఊరంతా కలిసి వేసుకున్న దారి' అని చెక్కించి, అక్షరాలు కోటపేట వైపు తిప్పించాను.

దారి లేదంటూ మధ్యలో మూడేళ్లూ ఘటాన్ని కదలనివ్వని జగన్నాధానికి ఈ ఏడు సాకు లేకుండా పోయింది. పుట్టిల్లు మాన్పించిన పాపం ఊరికి తగులుతుందని వాళ్ల ఆడవాళ్లే సణుగుతున్నారు. ఘటం బయల్దేరింది. అమ్మ మా ఇంటి అరుగెక్కుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

జగన్నాధం మోటారు సైకిలు మీద వచ్చాడు. మేము గంపలతో మోసిన దారి మీద కాలు మోపకుండా తిన్నగా మా గుమ్మం ముందు దిగాడు. నేను అత్త కుండ ఎత్తుకుని ఎదురెళ్లాను.

"ఒద్దులే సెల్లెమ్మా, కాళ్లకి మట్టంటనేదు" అని చెప్పులు విప్పకుండానే పక్కకి తప్పుకున్నాడు.

నిండు కుండ వెనక్కి పట్టుకెళ్లాను. అతను దండం పెట్టి ఇంటికెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. వాన నేను కురిపించలేదు. కురిస్తే ఏం చెయ్యాలో మాత్రం నాలుగేళ్లుగా అనుకుని పెట్టుకున్నాను.

పొద్దున్నకి మా దారి తడిసింది గానీ చెక్కు చెదరలేదు. గెడ్డ అవతల అంతా బురద గుండం. మోటారు సైకిలు అందులోనే కూరుకుపోయిందట, జగన్నాధం మోకాళ్ల దాకా బురదతో నడిచొచ్చాడు. కాళ్లకి నీళ్లిస్తారేమోనని అటూ ఇటూ చూశాడు. నేను ముందే చెప్పి ఉంచాను, ఎవరూ కదల్లేదు.

"బేగి ఎత్తమ్మా, మళ్లీ మబ్బడతన్నాది" అన్నాడు.

"ఎత్తను అన్నియ్యా. దారి నేని ఊరికి పిల్లనెలా పంపుతాం?"

"ఏటీ?"

"నీ మాటే. మరిసిపోనావేటి?"

అతని ముఖం కందిపోయింది. "పోలీసుల్నట్టుకొస్తాను. కేసెడతాను."

"ఎట్టు. పుట్టింటోళ్లు కూతుర్ని పంపనేదని రాయించు. ఆ పోలీసులైనా నీ బురదలోంచే రావాల."

ఊరంతా ఘొల్లున నవ్వింది. ఘటం మోసేవాడూ నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. ఆ నవ్వు నాకు పండగ భోజనంలా ఉంది.

అమ్మ మా అరుగు మీదే ఉండిపోయింది. మా ఆకుమళ్లలో విత్తనం పడింది, మొలక లేచింది. కోటపేట పొలాలు దున్ని ఉన్నాయి గానీ గింజ పడలేదు.

"పదును ఎల్లిపోతాది తాయారూ. ఆళ్లూ రైతులే. కడుపుల మీద కొట్టకు" అన్నాడు చినబాబు.

ఆ మాట గుచ్చుకుంది. ఆ పూట అన్నం సయించలేదు. గుమ్మం పక్కన అత్త కూర్చునే చోటు చూసేసరికి మనసు మళ్లీ రాయైంది. "తూములు నేవు, రాతికట్టు నేదు, నాలుగు రోజుల పని. ఆళ్ల సేతులకేటైనాది?" అన్నాను.

ముందు కదిలింది వాళ్ల ఆడవాళ్లే. గంపలు పట్టుకుని కంకర అడగడానికి వచ్చారు. కంకర ఇవ్వమన్నాను. ట్రాక్టరు మాత్రం మేము పాతిన రాయి దాకానే వెళ్లాలని, అక్కడి నుంచి నెత్తి మీదే మొయ్యాలని చెప్పాను. రోజూ వెళ్లి ఆ రాయి పక్కన కూర్చుని చూసేదాన్ని. అంత హాయి నాకు నా పెళ్లిలో కూడా లేదు.

వాళ్లూ మాలాగే ముక్కలు పంచుకున్నారు. జగన్నాధం కూలివాణ్ని పంపితే, "ఇంటి మనిషి రావాల" అని ఆడవాళ్లు తిప్పి పంపేశారు. దారంతా లేచింది, నడిమధ్యలో అతని ముక్క ఒక్కటే బురదతో మిగిలింది. మా పేర్ల సంగతి వాళ్లకి తెలియనిదా? "జగన్నాధం గుంట" అన్న మాట ఒక్క పూటలో రెండు ఊళ్లూ తిరిగింది.

మర్నాడు అతను గంపతో వచ్చాడు. రాయి దగ్గర నన్ను చూసి తల దించుకుని కంకర నింపుకున్నాడు. నేను లేవలేదు. ఆ గుంట పూడ్చేదాకా అతను మోస్తూనే ఉన్నాడు.

పని అయ్యాక వాళ్లు అమ్మ కోసం వచ్చారు. ఈసారి జగన్నాధం కాళ్లకి చెప్పుల్లేవు. పిక్కల దాకా ఎర్రమట్టి, మడమలు పగిలి ఉన్నాయి. మా దారి పొడుగునా ఇంటింటి ఆడదీ ముర్రాటతో నిలబడింది. కట్టుబాటు ప్రకారం కుండ తర్వాత కుండ అతని కాళ్ల మీద కుమ్మరించారు. మట్టి ఎప్పుడో పోయింది, నీళ్లు మాత్రం ఆగలేదు. మా గుమ్మం దగ్గర ఆఖరున నేను.

"మా ఊరి నీళ్లు సాల్నాయా అన్నియ్యా?"

అతను నా చేతిలో కుండ వైపు చూశాడు. "బుల్లమ్మత్తది కాదేటిది?"

"ఆవిడిదే. ఆ రోజు నీకోసవే ఎట్టుకుని కూకున్నాది."

"సాల్నాయి సెల్లెమ్మా" అన్నాడు.

నాకు జాలి వెయ్యలేదు, అబద్ధమెందుకు. కుండలో చుక్క మిగలకుండా పోశాను. తర్వాత అమ్మను ఎత్తి మోసేవాడి తల మీద పెట్టాను. ఘటం గెడ్డ దాటి, రాయి దాటి, ఎక్కడా కాలు జారకుండా గుడి వైపు సాగిపోయింది.

ఖాళీ కుండ తెచ్చి గుమ్మం పక్కన, అత్త కూర్చునే చోట బోర్లించాను.

"దీని పనైపోనాదత్తా" అన్నాను.