గుమ్మం దగ్గరి నుంచి చూస్తే

స్కానర్ అద్దం మీద దుమ్ము తుడిచి, పాత పంచె ముక్కను సొరుగులో పెట్టి, గౌరయ్య కంప్యూటర్ ముందు నుంచి లేచాడు. తెర మీద మిర్యాలగూడ రైసు మిల్లు వాళ్ళ వెబ్ పేజీ ఉంది. పైన గీసిన వరి కంకి కాస్త ఎడమకు ఒరిగినట్టు అనుమానం వచ్చింది. గుమ్మం దాకా నడిచి, అక్కడ నిలబడి, ఒక కన్ను మూసి తెరవంక చూశాడు. ఒరిగే ఉంది. తిరిగొచ్చి, మౌసుతో కంకిని పట్టి రవ్వంత కుడికి లాగి, మళ్ళీ గుమ్మం దగ్గరికి పోయాడు. ఇప్పుడు బాగుంది.

ఈ అలవాటు చూసి ఇంటర్నెట్ సెంటర్ యజమాని నవీన్ పడీపడీ నవ్వేవాడు. "గౌరన్నా, కంప్యూటర్‌ని గంత దూరంకెల్లి ఎవడు సూస్తడే?" అనేవాడు. గౌరయ్య పట్టించుకునేవాడు కాదు. బజారులో పోయేవాడు బోర్డును ముక్కుకు ఆనించుకుని చదవడు కదా! రోడ్డు అవతలి నుంచి చదివితే అక్షరం నిలవాలి. సూర్యాపేట అంగళ్ళ నెత్తిన ఉన్న సగం బోర్డులు అట్లా నిలిచినవే. ఎరువుల కొట్లు, టైలర్లు, సోడా బండ్లు, పళ్ళ డాక్టరు గారి తలుపు మీది నవ్వే పళ్ళ వరస, అన్నీ ఆయన చేతివే. మూలన చిన్నగా 'గౌరి' అని సంతకం. పేరు చూసి ఆడమనిషి అనుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆ చేతికి వణుకు పట్టుకుంది. మొదట సంతకంలో తెలిసింది, తరవాత సున్నాల్లో. ఒక బట్టల కొట్టాయన బోర్డు చూసి, తాగి రాసినవా అని అడిగాడు. కల్లు కూడా ముట్టని గౌరయ్య ఆ రోజు అన్నం తినలేదు. తమ ఇంటి ఎరువుల కొట్టు బోర్డు రాసిన మనిషి ఖాళీగా కూర్చున్నాడని నవీన్ పిలిచి ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. వెబ్ పేజీలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది, అందులో ఇంగ్లీషు సూత్రాలేవీ రాయనక్కరలేదు. బొమ్మను పట్టి లాగి ఎక్కడ వదిలితే అక్కడ కూర్చుంటుంది, కంటికి ఎట్లా కనిపిస్తే అదే పేజీ. వణికిన చేయి ఎటు పోయినా ఆఖరికి వదిలిన చోటే లెక్క. గౌరయ్యకు పోయిన చెయ్యి తిరిగొచ్చినట్టయింది. పేజీ గీయడం వరకే ఆయన పని. దాన్ని నెట్టులోకి ఎక్కించేది నవీనే.

ఒక్క పేజీ మాత్రం గౌరయ్య సొంతంగా ఎక్కించాడు. అది దేవ్‌సింగ్ పేజీ.

మూడు వారాల కింద మోతె పక్క తండా నుంచి జమ్లీ అనే ఆమె వచ్చింది. మొగుడు దేవ్‌సింగ్ లారీ డ్రైవరు. కోదాడలో సిమెంటు ఎత్తుకుని మహారాష్ట్ర పోయి తిరిగి రాలేదు. లారీ దొరికింది, మనిషి దొరకలేదు. స్టూడియోలో పూల పరదా ముందు దిగిన ఫొటో ఒక్కటే ఆమె దగ్గరుంది. ఆ రోజు నవీన్ లేడు. ఆమె ఏడుపు చూడలేక గౌరయ్యే ఫొటోను స్కాన్ చేసి, పేజీ నడుమ నిలిపి, కింద పేరూ ఊరూ సెంటర్ ఫోన్ నంబరూ రాసి, నవీన్ చేయగా చూసినట్టే పేజీని నెట్టులోకి పంపాడు. తరవాత ఆమెను గుమ్మం దగ్గరికి పిలిచి నిలబెట్టాడు.

"సూడు బిడ్డా. ఇగ దునియా మొత్తం సూస్తది నీ మొగని" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన ఛాతీ కొంచెం ఉబ్బింది కూడా.

అప్పటి నుంచి ప్రతి వారం అంగడి రోజున జమ్లీ వస్తుంది. గౌరయ్య పేజీ తీసి చూపిస్తాడు. ఆమె కాసేపు ఎదురుగా కూర్చుని, కొంగుతో తెర తుడిచి వెళ్ళిపోతుంది.

ఈ రోజు అంగడే. ఆమె ఇంకా రాలేదు. ఫోన్ మోగింది.

"హలో, సూర్యాపేటేనాండీ? నా పేరు సుజాత. మాది కోదాడండి, సోలాపూర్లో నర్సుగా చేస్తున్నా. దేవ్‌సింగ్ అనే ఆయన కనపడట్లేదని నెట్లో పెట్టింది మీరేనా?"

గౌరయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నేనేనమ్మా. దొరికిండా?"

"అదే తెలియట్లేదండి. రోడ్డు పక్కన పడి ఉంటే ఒకాయన్ని తీసుకొచ్చారు. తలకి దెబ్బ. మొదటి రోజు 'నీళ్ళు' అని తెలుగులో అడిగాడు, అంతే, మళ్ళీ మాట లేదు. మీ పేజీ పది రోజుల కిందటే చూశామండి. ఫొటో లేదుగా, ఎవరో ఏమోనని ఊరుకున్నాం."

"ఫొటో లేకపోవుడేందమ్మా? నా ముంగటనే ఉంది గద!"

"ఇక్కడ ఖాళీ పెట్టె కనిపిస్తుందండి. మూలన ఎర్రగా ఇంటూ గుర్తు."

"మీ మిషన్ ఖరాబైనట్టుంది."

"మూడు మిషన్లలో చూశానండి" అంది ఆమె. గొంతులో ఓపిక తగ్గుతోంది. "ఈ రోజు ఆయనకి అసలు బాలేదు. పెద్దాసుపత్రికి పంపాలి. ఎవరో తేలితే, ఇంటివాళ్ళతో ఫోన్లో మాట్లాడి ఇప్పుడే పంపేస్తామంటున్నారు పోలీసాయన. వార్డులో పని చూసుకుని మళ్ళీ నెట్ సెంటర్‌కి వస్తా. ఈలోపు ఫొటో పెట్టండి, మీకు పుణ్యముంటది."

ఫోన్ పెట్టేసింది. ఎక్కడి నుంచి చేసిందో నంబరైనా అడగలేదని గౌరయ్యకు అప్పుడు తట్టింది.

సెంటర్లో ఉన్నది ఒక్కటే లైను. నెట్టు ఎక్కితే ఫోన్ మోగదు, ఫోన్ మోగాలంటే నెట్టు దిగాలి. మోడెం గీపెట్టి గీపెట్టి ఎక్కింది. గౌరయ్య పేజీని మళ్ళీ పంపాడు. గుమ్మం దగ్గరికి పోయి చూశాడు. ఫొటో ఉంది. మీసం, మెడలో రుమాలు, వెనక పూల పరదా, అన్నీ కనిపిస్తున్నాయి. అయినా ఇంకోసారి పంపాడు.

అప్పుడే జమ్లీ లోపలికొచ్చింది.

"నీ ఫొటో ఇయ్యి బిడ్డా, జల్ది" అన్నాడు గౌరయ్య. "సోలాపూర్ కెల్లి ఫోనొచ్చింది. గాడ దవాఖానల ఒక మనిషున్నడట. ఫొటో సూసి చెప్తరట."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఫొటో గాడనే ఉంది గద సారూ" అంది తెర వైపు చూసి.

స్కాన్ సరిగ్గా రాలేదేమోనన్నాడు గౌరయ్య. ఆమె రవికలోంచి ఫొటో తీసిచ్చింది. గౌరయ్య దాన్ని స్కానర్ అద్దం మీద బోర్లించి మూత వేశాడు. వెలుతురు ఆ చివర నుంచి ఈ చివరకు పాకింది. పాత బొమ్మ తీసేసి కొత్తది పెట్టి, మళ్ళీ పంపాడు. చెయ్యి ఎంత వణుకుతోందంటే మౌసు బల్ల మీద టకటక కొట్టుకుంటోంది. మూడు మిషన్లలో చూశానంది నర్సమ్మ. మూడూ ఖరాబవుతాయా? ఇన్నాళ్ళూ తాను చూసింది ఈ ఒక్క మిషన్లోనే కదా?

పక్క గదిలోని రెండో కంప్యూటర్ ముందుకు పోయి పేజీ తెరిచాడు. పేరు వచ్చింది. ఊరు వచ్చింది. నడుమ తెల్లటి ఖాళీ పెట్టె, మూలన ఎర్రటి ఇంటూ గుర్తు.

వెనకే వచ్చిన జమ్లీ తొంగి చూసింది. "ఏడి సారూ?"

గౌరయ్య నెట్టు ఆపి, కోదాడలో అత్తగారింట్లో ఉన్న నవీన్‌కు ఫోన్ చేశాడు. నవీన్ సంగతంతా విన్నాడు.

"అన్నా, పేజీ వేరు, ఫొటో వేరు. నువ్వు పేజీ ఒక్కటే పంపినవ్. ఫొటో నీ మిషన్లనే ఉన్నది, గందుకే నీకు కనవడుతున్నది. రెండూ పంపాలె." తరవాత ఏది నొక్కాలో నిదానంగా చెప్పాడు.

ఇన్నేళ్ళు బోర్డులు రాశాడు. రంగు ఒక చోట, రేకు ఒక చోట ఉండే బోర్డును గౌరయ్య ఎన్నడూ చూడలేదు. ఇరవై రోజులుగా ఊరూరా ఖాళీ రేకు వేలాడదీసి, రంగును తన ఇంట్లో పెట్టుకుని మురిసిపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యపడే తీరిక కూడా లేదు. మళ్ళీ నెట్టు ఎక్కాలి. మోడెం ఎక్కి, దిగిపోయింది. ఇంకోసారి ఎక్కింది. ఫొటో పోతూ ఉంది, ఎంతకీ పోదు. అవతల నర్సమ్మ ఫోన్ చేస్తూ ఉంటుంది, లైను దొరకదు. లైను ఇస్తే ఫొటో ఆగిపోతుంది. గౌరయ్య కుర్చీ అంచున కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

రెండో కంప్యూటర్లో ఫొటో పైనుంచి కిందికి కొద్దికొద్దిగా దిగింది. ముందు పరదా పూలు, తరవాత జుట్టు, నుదురు, కళ్ళు. జమ్లీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మీసం వచ్చింది. రుమాలు వచ్చింది.

"వచ్చిండు" అంది.

గౌరయ్య నెట్టు ఆపేశాడు. ఎంతకీ మోగని ఫోన్ వంక ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. మోగేసరికి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఆయనేనండి" అంది సుజాత. ఇప్పుడామె గొంతులో తొందర లేదు. "పోలీసాయన కూడా చూశాడు. పేరు రాసుకున్నాడు. ఎన్నిసార్లు చేశానో, మీ లైను దొరకలా. దేవ్‌సింగ్ ప్రాణం నేను వార్డులో ఉండగానే పోయిందండి. పేరు తెలిస్తే ఒక్కసారి చెవిలో పిలుద్దామనుకున్నా."

అడ్రసు చెప్పింది. ఎవరైనా వస్తే తానే దగ్గరుండి చూసుకుంటానంది. గౌరయ్య ఫోన్ పెట్టి చాలాసేపు దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఆయనేనట బిడ్డా. కని, ఇగ లేడట."

జమ్లీ కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది. తరవాత అడిగింది, "గాడ ఏమన్న మాట్లాడిండా?"

"మొదటి రోజు నీళ్ళు అడిగిండట."

"ఇచ్చిన్రా?"

"ఇచ్చిన్రు" అన్నాడు గౌరయ్య. ఆయనకు తెలియదు. ఆ ఒక్క మాటా నర్సమ్మను అడగనేలేదు.

"నా తప్పే బిడ్డా. ఫొటో పోలే. పది దినాల కిందనే ఆ నర్సమ్మ పేజీ సూసిందట, ఫొటో లేదని ఇడిసిపెట్టింది. నాకు తెల్వక గీ మిషన్లనే పెట్టుకొని కూసున్న."

ఆమెకు అర్థం కాలేదు. ఆ గుమ్మం వైపు చూపించింది. "నువ్వు పెట్టినవ్ గద సారూ. గాడ నిలవడి నేను సూసిన గద."

అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది గౌరయ్యకు. మరిది రమేష్‌ను తీసుకుని సోలాపూర్ పోవాలంటూ ఆమె లేచింది. గౌరయ్య బస్టాండు దాకా వెంట నడిచి, మోతె బస్సు ఎక్కించి, బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడ్డాడు. తిరిగి వచ్చే దారిలో తలెత్తి ఒక్క బోర్డు వంకా చూడలేదు.

సెంటర్లో రెండు కంప్యూటర్లూ అట్లాగే ఉన్నాయి. రెండిటిలోనూ దేవ్‌సింగ్ ఉన్నాడు. పేజీ తీసేయాలి, మనిషి దొరికాడు కదా. గౌరయ్య మౌసు మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. మిల్లు వాళ్ళ పేజీ తెరవబోయి అదీ మానుకున్నాడు. కంప్యూటర్లు ఆపి, తెరల మీద గుడ్డ కప్పి, స్కానర్ మీద కూడా కప్పబోతూ, అలవాటు కొద్దీ అద్దం తుడుద్దామని మూత ఎత్తాడు.

అద్దం మీద ఫొటో బోర్లా పడి ఉంది. వీపున స్టూడియో ముద్ర సగం చెరిగిపోయి ఉంది, మూల దగ్గర జమ్లీ ప్రతిసారీ పట్టుకున్న చోట కాగితం మెత్తబడి గుడ్డపేలికలా అయింది.