పెడల్ మీద కాలు

అగ్నిమాపక కేంద్రం కంట్రోల్ గదిలో ఆమెను అందరూ రిపీటక్క అంటారు. వైర్‌లెస్‌లో ఎవరేం చెప్పినా మళ్లీ చెప్పించుకోనిదే వదలదు మరి. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగండి, విన్నది తిరిగి చెప్పండి, ఒకటో ఛానల్ మూగబోతే రెండోదానికి మారండి అని పదకొండేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. చెప్పేవాడికి వినేవాడు లోకువని అందరికంటే ఎక్కువగా ఎగతాళి చేసేది ఆమె సొంత తమ్ముడే. వాడూ అక్కడే ఫైర్‌మన్.

రాసుకోవడానికి చేతులు ఖాళీగా ఉండాలని ఒకటో ఛానల్‌కి ఆమెకు బటన్ బదులు బల్ల కింద పెడల్ పెట్టారు. తొక్కితే ఆమె మాట వెళుతుంది, వదిలితే అవతలి మాట వస్తుంది.

తర్వాతి డ్యూటీ ఆవిడకు జ్వరం రావడంతో ఆ మధ్యాహ్నానికి ఆమె కుర్చీలో కూర్చుని పదహారు గంటలైంది. నడుము ఆమెది కాకుండా పోయింది. పరుపుల గోదాములో మంటలని కబురొస్తే రెండు బళ్లు పంపింది. తమ్ముడూ ఇంకొకడూ పై అంతస్తులోకి వెళుతున్నామన్నారు. రెండుసార్లు చెప్పించుకుని రిజిస్టర్లో రాసింది. కాసేపటికి వైర్‌లెస్ సద్దుమణిగింది. హమ్మయ్య అనుకుని, చెప్పులు విడిచి, వాచిన కాళ్లు బల్ల కిందకి చాపింది.

ఇంతలో అమ్మ ఫోన్ చేసింది.

"తమ్ముడు ఫోనెత్తట్లేదేమే?"

"పనిలో ఉన్నాడమ్మా. పొగ కనిపిస్తే చాలు, తల దూర్చేస్తాడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక!" అంది. అలసట వల్లో ఏమో, ఎన్నడూ పైకి అననిది కూడా అనేసింది. "వాడికేమన్నా అయితే నేను బతకలేనమ్మా. వాడితో మాత్రం అనకు, నెత్తికెక్కి కూచుంటాడు."

ఫోన్ పెట్టేసరికి బల్ల చివర రెండో ఛానల్ సెట్టు గరగరలాడింది.

"అక్కా, కాలు తియ్యి."

తమ్ముడి గొంతు. ఆమెకు ముందు అర్థం కాలేదు. టీ గ్లాసు పక్కకి జరిపితే దాని వెనక, మాట బయటికి వెళుతోందని చెప్పే ఎర్రలైటు వెలుగుతోంది. మడమ పెడల్ మీదే ఉంది. ఇంతసేపూ నిశ్శబ్దమనుకుంది గానీ, అందరి నోళ్లూ తానే నొక్కేసింది.

"మెట్లు కూలాయి. ఇద్దరం పైనే, వెనక కిటికీ దగ్గరున్నాం. నిచ్చెన కావాలి." ఆ వెంటే దగ్గు.

కాలు లాక్కుంది. "ఇద్దరు, వెనక కిటికీ, నిచ్చెన" అని రెండో సెట్టులో తిరిగి చెప్పింది. ఒకటో ఛానల్లో అందరూ ఒక్కసారిగా అరుస్తున్నారు. "ఎవరూ మాట్లాడొద్దు" అని నిచ్చెన బండి డ్రైవర్‌కి విషయం చెప్పింది. ఎప్పుడూ విసుక్కునే ఆ డ్రైవర్ ఈసారి అడక్కుండానే పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు.

నాలుగు నిమిషాలు. ఆమె కాళ్లు రెండూ కుర్చీ మీదకి ముడుచుకుని కూర్చుంది.

"ఇద్దరం కిందకి దిగాం."

మళ్లీ చెప్పమనడానికి ఆమె సెట్టు మీదకి వంగింది. వాడే ఆగి, మళ్లీ చెప్పాడు.

"ఇద్దరం కిందకి దిగామక్కా. నీ మాట వినలేదనకు. ఇవాళ అందరం విన్నాం."

ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత రిజిస్టరు దగ్గరికి లాక్కుని రాసింది: ఒకటో ఛానల్ మూడు నిమిషాలు మూసుకుపోయింది. కారణం, నా కాలు.