ఎర్ర ఊలు ముడి

జిలానీ బంగాళాదుంప చెక్కు తీసి, అడుగు చదునుగా కోసి, చాకు మొనతో లోపల గుంట తొలిచాడు. ఏలూరు కాలేజీ బోటనీ ల్యాబ్‌లో అటెండరుగా ఇరవై ఆరేళ్ళ నుంచి ఏటా చేస్తున్న పనే. గుంటలో పంచదార పాకం పోసి, పాకం మట్టానికి గుండుసూది గుచ్చి, నీళ్ళ గిన్నెలో నిలబెట్టాడు. మధ్యాహ్నానికి దుంప పొరల్లోంచి నీళ్ళు లోపలికి చేరి, పాకం సూదిని దాటుతుంది.

భార్య హలీమా కిడ్నీలు పాడై ఏడాది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి రైల్లో బెజవాడ. మెషీన్‌లో ఒంట్లో చేరిన నీరూ మలినమూ ఒక పల్చటి పొర దాటి బయటికి పోతాయని డాక్టరు చెప్పినప్పుడు, అర్థమై తలూపినవాడు ఆ గదిలో జిలానీ ఒక్కడే.

ఆమె తాగాల్సింది రోజుకు అర లీటరు నీళ్ళే. ల్యాబ్‌లో మూతి విరిగిన అర లీటరు గాజు కొలజాడీని అడిగి తెచ్చుకుని, పొద్దున్నే నిండా పోసి వస్తాడు. తివాచీలు నేసే ఇంటి పిల్ల హలీమా, దానికి రెండు వందల మిల్లీలీటర్ల గీత దగ్గర ఎర్ర ఊలు ముడి వేసింది. అతను ఇంటికొచ్చేదాకా నీళ్ళు ఆ ముడి దిగకూడదని ఆమె పెట్టుకున్న పంతం.

ఇవాళ పొద్దున కొలతకు మించి ఒక్క గుక్క అడిగింది. రేపు బెజవాడలో మెషీన్ మీద ఉన్నప్పుడు తాగుదువుగానిలే అన్నాడు.

"బంగాళాదుంపకి గిన్నెడు పోస్తారు. నాకు గుక్కెడు పొయ్యరు," అని నవ్వింది. అతనూ నవ్వి, సైకిలెక్కాడు.

మూడింటికి పాకం సూదిని దాటింది. ఇందుజ అనే విద్యార్థిని వంగి చూసి, నీళ్ళు లోపలికి పోతుంటే పంచదార బయటికి రాదేమని అడిగింది.

"పొర ఒప్పుకోదమ్మా. నీళ్ళకైతే దారిస్తుంది."

అన్నాక పొద్దున హలీమా అడిగిన గుక్క గుర్తొచ్చింది. లెక్చరర్ ప్రసాదరావు గారిని అడిగి గంట ముందే బయల్దేరాడు. ఆ ఒక్క గుక్కా తన చేత్తో పోద్దామనుకున్నాడు.

ఇంట్లో మంచం పక్కన పొరుగింటి సుబ్బాయమ్మ కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"అరగంటయిందండీ. కునుకులోనే ప్రాణం పోయింది. కాలేజీకి ఫోన్ చేయిద్దామనుకునేలోగా మీరే వచ్చేశారు. అంతకుముందు నీళ్ళు పోస్తానంటే వద్దన్నారండీ. ఆయనొచ్చి పోస్తారు, అప్పుడు తాగుతానన్నారు," అంది.

జిలానీ వంగి చూశాడు. హలీమా పెదవులు తడిగా ఉన్నాయి. సుబ్బాయమ్మ చేతిలో తడిగుడ్డ ఉంది.

కిటికీ గట్టు మీద కొలజాడీలో నీళ్ళు ఎర్ర ఊలు ముడికి రెండు వేళ్ళు పైనే ఉన్నాయి.