మంద నడిచిన దారి

ఎండాకాలం అంటే ముత్తమ్మకు మొగుడు ఇంట్లో లేని కాలం. పెళ్ళయిన ఏడాది నుంచీ అంతే. కాలువ కింద ఊళ్ళల్లో యాసంగి కోతలు మొదలయ్యాయని కబురు అందడమే ఆలస్యం, యాదయ్య గొంగడి భుజాన వేసుకుని గొర్ల మందను తోలుకుంటూ తమ మండలం ఆత్మకూర్ (ఎస్) దాటేవాడు. కోసిన పొలాల్లో మేత దొరికేది. రాత్రిళ్ళు మందను తమ చేలో పడుకోబెడితే ఎరువవుతుందని రైతులు ఇన్ని వడ్లు కొలిచేవాళ్ళు. తొలకరి పడ్డాక గానీ మనిషి మళ్ళీ వాకిట్లో కనబడేవాడు కాదు.

అన్నాళ్ళూ ముత్తమ్మ బోరింగు దగ్గర బిందె కోసం కొట్లాడుతూ, అత్తకు మందులు పోస్తూ, పిల్లాడిని సాకుతూ ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి తననూ తీసుకుపొమ్మని అడిగింది. యాదయ్య తల కూడా ఎత్తలేదు. "ఆడ ఏమున్నది? దుమ్ము, ఎండ. సూసేటందుకు ఏం లేదు" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. కానీ ఏమీ లేని చోటికి ఒక మనిషి ప్రతి ఏడూ అన్ని నెలలు ఎలా పోతాడన్న అనుమానం మాత్రం ఆమెలో అట్లాగే ఉండిపోయింది.

ఆమె ఊరు దాటింది పెళ్ళిళ్ళకు, చావులకు, సూర్యాపేట దవాఖానకు, రెండేళ్ళకోసారి పెద్దగట్టు జాతరకు. ఊరికే, చూడటానికని, ఎక్కడికీ పోలేదు.

యాదయ్య మోకాళ్ళు మొరాయించడంతో రెండేళ్ళ కిందట మందను అమ్మేశారు. అప్పటి నుంచి ఎండాకాలంలో కూడా ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దంతా వేపచెట్టు కింద మంచంలో కూర్చుని దక్షిణం దిక్కే చూస్తుంటాడు.

ఈ ఏడు బడికి సెలవులిచ్చిన రోజే మనవరాలు ప్రవళిక పేచీ మొదలుపెట్టింది. తన క్లాసు పిల్లలు ఊటీ పోతున్నారట, అరకు పోతున్నారట. ప్రవళిక తల్లి విజయ సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. తండ్రి, అంటే ముత్తమ్మ కొడుకు ధనుంజయ్, కరెంటు లైన్‌మన్. గాలిదుమారాలకు తీగలు తెగే కాలంలో అతనికి దొరికేది ఒక్క ఆదివారం. ఆ ఒక్క రోజుతో, ఉన్న పాత కారుతో, ఇంటి తిండితో అయ్యే ప్రయాణం ఏదైనా ఉందేమోనని విజయ సాయంత్రం పూట ఫోనులో మ్యాపు తెరిచి కూర్చుంది. పిల్లలమర్రి అనుకుంది. ఫణిగిరి అనుకుంది. సాగర్ అనుకుంది. చివరికి ఏదో తోచి మామను అడిగింది, ఎండాకాలం మందతో ఎటెటు పోయేవాళ్ళని.

యాదయ్య ఊళ్ళ పేర్లు వరసగా చెప్పుకుపోయాడు. చివ్వెంల, మునగాల, నడిగూడెం, కోదాడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ. అక్కడి నుంచి ఒక ఏడు మాడుగులపల్లి వైపు, ఒక ఏడు వాడపల్లి నది దాకా. ఆయన చెబుతుంటే విజయ వేలు ఫోను మీద మెల్లగా పాకింది. చూస్తుండగానే ఆమె మొహం విప్పారింది.

"మామా, మీరు నెలలు నడిచిందంతా కలిపితే కారులో ఒక్క రోజు ప్రయాణమే. మనం ఈ దారినే వెళ్దాం" అంది. విజయది కోదాడ. ఆమె మాటలో ఆంధ్ర వాసన కొంచెం ఉంటుంది.

యాదయ్య నవ్వాడు. "గాడ సూసేటిదేముంటది బిడ్డా?"

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ముత్తమ్మ అప్పుడు తలెత్తింది. ఆమెనింకా ఎవరూ అడగలేదు.

"నేనొస్త" అంది.

*

ఎండ ముదరకముందే సగం దారి దాటాలని చీకటితోనే బయల్దేరారు. రెండు క్యాన్ల నీళ్ళు, పులిహోర, జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు, తడిపి కిటికీలకు కట్టడానికి పాత తువ్వాళ్ళు కారులో పెట్టారు. టిఫిన్ విజయ పుట్టింట్లో. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా మిర్యాలగూడ పక్కన తెలిసినవాళ్ళ మామిడితోటలో. ఇదంతా విజయ ముందే ఫోన్లు చేసి కుదిర్చింది. దారి చెప్పడానికని యాదయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టారు.

కానీ ఆయనకు దారి అందలేదు. అదిగో ఆ బండ దగ్గర అనేలోగా బండ వెనక్కి పోయేది. ఒక వాగు పేరు గుర్తు చేసుకునేలోగా వంతెన దాటిపోయేది. ఎన్నో ఏళ్ళు అడుగు అడుగుగా కొలిచిన నేల కళ్ళ ముందు జారిపోతుంటే ఆయన రెండు చేతులతో సీటు పట్టుకుని, "మెల్లగ పోనియ్‌రా కొడుకా" అని బతిమాలాడు. ధనుంజయ్ వేగం తగ్గించాడు.

వెనక కూర్చున్న ముత్తమ్మ కిటికీ బయటికే చూస్తోంది. తెల్లవారుతున్న వెలుగులో గుట్టలు ఒకదాని వెనక ఒకటి లేచి నిలబడుతున్నాయి. హైవే మీద లారీలు బారులు తీరి పోతున్నాయి. కారు ఎంతసేపు పోయినా ఊళ్ళు అయిపోవడం లేదు. ఈ దూరమంతా కాళ్ళతోనా అనుకుంది ఆమె. ముందు సీట్లో ఉన్న ముసలాయన పాదాలను వంగి చూసింది. పగుళ్ళు బారిన మడమలు. ప్రతి ఏడూ వానాకాలం మొదట్లో ఆ మడమలకు ఆముదం రాసింది తనే. అవి అట్లా ఎందుకు పగిలేవో ఇన్నాళ్ళూ సరిగ్గా తెలియనే తెలియదనిపించింది.

నడిగూడెం పొలాల దగ్గర యాదయ్య కారు ఆపమన్నాడు. కాలువలో నీళ్ళు తగ్గి, అడుగున సన్నగా పారుతున్నాయి. అవతల కోసిన మడి. మడి అంచున ఒక తుమ్మచెట్టు. ఆయన కర్ర ఊతంతో గట్టు దిగి, ఆ చెట్టు దగ్గర నిలబడి, మంద ఇక్కడ పండుకునేదని, తను అక్కడ పండుకునేవాడినని చూపించాడు.

ముత్తమ్మ చుట్టూ చూసింది. ఇన్నేళ్ళూ ఆమె మనసులో ఒక కొట్టం ఉండేది. నాలుగు గుంజలు, ఏదో ఒక కప్పు, ఒక పొయ్యి. మొగుడు గుర్తొచ్చిన రాత్రుల్లో ఆయనను ఆ కొట్టంలోనే పడుకోబెట్టుకునేది. ఇక్కడ గుంజలు లేవు. కప్పు లేదు. నేల, దాని మీద అంచు కనబడనంత ఆకాశం, అంతే.

వాన పడితే ఏం చేసేవాడివని అడిగింది. గొంగడి కప్పుకుని గొర్ల మధ్యన కూర్చునేవాడినన్నాడు. పిడుగులు పడితే అని అడిగింది. ఆయన తుమ్మచెట్టు మొదలును అరచేత్తో తట్టి కారు వైపు నడిచాడు. ముత్తమ్మ ఇంకా కాసేపు అక్కడే నిలబడింది. ఏదో గుడిలో నిలబడినట్టుగా ఉంది ఆమెకు. చెప్పులు విడిచానా లేదా అని కాళ్ళ వైపు చూసుకుంది కూడా.

కోదాడలో విజయ తల్లిగారింట్లో ఇడ్లీలు తిన్నారు. వాళ్ళు ఉండమంటే ఉండలేక, ఒక బుట్ట మామిడిపళ్ళు, కుండలో పెరుగు పెట్టించుకుని బయటపడ్డారు. హుజూర్‌నగర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా వరి. కొన్ని మళ్ళలో కోత మిషన్లు తిరుగుతున్నాయి, కొన్ని ఇంకా పచ్చబంగారంలా ఊగుతున్నాయి. తన ఊళ్ళో బావులు ఎండిన కాలంలో భూమి ఇంకోచోట ఇట్లా పండి ఉంటుందని ముత్తమ్మ వినడమే గానీ చూడలేదు. మిర్యాలగూడలో మిల్లుల పక్క నుంచి పోతుంటే ఉడికిన వడ్ల వాసన కారు నిండా కమ్ముకుంది. ప్రవళిక ముక్కు మూసుకుంది. ముత్తమ్మ మాత్రం కిటికీ తువ్వాల పక్కకు జరిపి గుండెల నిండా పీల్చింది.

*

ఎండ వాలాక మామిడితోట నుంచి లేచి వాడపల్లి చేరారు. అక్కడికి దగ్గరవుతున్న కొద్దీ యాదయ్య మాట తగ్గింది. కారు దిగి, గుడి పక్క నుంచి మెట్ల వైపు నడిచారు. ముత్తమ్మ ముందు నడుస్తోంది. ఎందుకో ఆగాలనిపించలేదు ఆమెకు.

పై మెట్టు మీదికి రాగానే కాళ్ళు వాటంతట అవే నిలిచిపోయాయి.

నీళ్ళు. ఆమెకు తెలిసిన నీళ్ళు బిందెలోవి, తొట్టిలోవి, మహా అయితే చెరువులోవి. వీటికి అవతలి గట్టు ఎక్కడో సన్నటి గీతలా ఉంది. కొండలు వంగి నీళ్ళలోకి చూసుకుంటున్నాయి. ఎడమ చేతి వైపు నుంచి ఇంకొక నది వచ్చి చేరుతోంది. విజయ మెల్లగా చెప్పింది, అది మన మూసీ అని, సూర్యాపేట పక్క నుంచి పోయేదేనని, ఇక్కడికి వచ్చి కృష్ణలో కలుస్తుందని. సూర్యాపేట అవతలి ఊళ్ళకు పెళ్ళిళ్ళకు పోతూ బస్సు కిటికీ నుంచి ఆ మూసీని ముత్తమ్మ ఎన్నిసార్లు చూసిందో. అది ఎటు పోతుందో ఏనాడూ ఆలోచించలేదు. వంతెన కింద బక్కచిక్కి పాకే ఆ నీళ్ళు ఇంత దూరం నడిచి వచ్చి ఇంత పెద్దదాని ఒళ్ళోకి పోతున్నాయి.

ఆమె చాలాసేపటికి మొగుడి వైపు తిరిగింది.

"ఏం లేదంటివి గదా" అంది.

ఆ మాటలో కోపం ఉంది. ఆ కోపం వెనక ఒక్కతే వెళ్ళదీసిన ఎండాకాలాలన్నీ ఉన్నాయి. ధనుంజయ్ కంగారుగా తండ్రి వైపు చూశాడు. యాదయ్య ఆమె వైపు చూడలేదు. నది వైపే చూస్తున్నాడు.

"నేను గూడ సూడలేదే" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన మాటలు కూడదీసుకుని చెప్పాడు. ఒక ఏడు ఇక్కడ మందను నీళ్ళకు దింపితే రెండు గొర్రెపిల్లలు జారి కొట్టుకుపోయాయి. ఆనాటి నుంచి నది దగ్గరికి వస్తే ఆయన చూపు గొర్ల కాళ్ళ మీది నుంచి కదిలేది కాదు. ఏది ముందుకు పోతోంది, ఏది జారుతోంది, ఏది తిరిగొచ్చింది, అంతే. అన్నీ తాగి గట్టెక్కితే హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగేవాడు. అబద్ధం చెప్పలేదట. ఆయనకు ఇక్కడ నిజంగానే ఏమీ కనబడలేదట.

"గింత ఉన్నదని నాకు తెల్వదు, ముత్తమ్మా."

పేరు పెట్టి పిలిచాడు. మనవరాలి ముందర, కోడలి ముందర ఆయన ఎప్పుడూ అట్లా పిలవలేదు. ముత్తమ్మ కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే తచ్చాడింది. తర్వాత ఆమె వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ నదిని చూశారు. గాలికి నీళ్ళ మీద వెలుగు ముక్కలు ముక్కలై మళ్ళీ అతుక్కుంటోంది.

కింద మత్తయ్య అనే చేపలు పట్టే ఆయన పడవ దగ్గర వల మడతపెడుతున్నాడు. రెండు నదులు కలిసే చోటి దాకా తీసుకుపోతానన్నాడు. ప్రవళిక గంతేసింది. విజయ బేరమాడి ఒప్పించింది. మత్తయ్య అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగించాడు. యాదయ్య మాత్రం సగం మెట్ల మీదే ఆగిపోయాడు. నీళ్ళంటే తనకు భయమని, మీరు పోయి రండని అన్నాడు. ముత్తమ్మ ఒక్క క్షణం ఆయన వైపు చూసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మత్తయ్య అందించిన చెయ్యి పట్టుకుని పడవలోకి అడుగు పెట్టింది. పడవ ఊగింది. ఆమె భయపడలేదు.

నది మధ్యకు పోయాక మత్తయ్య ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా అంతటా నిశ్శబ్దం. పడవ పక్కనే నీళ్ళ మీద సన్నటి నురగ గీత పొడుగ్గా సాగిపోతోంది. గీతకు ఇటు మూసీ నీళ్ళు ఆకుపచ్చగా, మందంగా. అటు కృష్ణ నీళ్ళు నీలంగా, లోతు తెలియకుండా. చెయ్యి పెట్టి చూడమన్నాడు మత్తయ్య. ముత్తమ్మ ఇటువైపు నీళ్ళలో చెయ్యి ముంచింది. గోరువెచ్చగా ఉన్నాయి, ఎండంతా తాగి వచ్చినట్టు. పడవ గీత దాటింది. అటువైపు ముంచింది. చల్లదనం మోచేతి దాకా పాకింది. సాగర్ ఆనకట్ట అడుగు నుంచి వచ్చే నీళ్ళని, అందుకే అంత చలువని మత్తయ్య చెబుతున్నాడు. ఆమె వినిపించుకోలేదు. మళ్ళీ ఇటు ముంచింది, మళ్ళీ అటు ముంచింది. చిన్నపిల్లలా నవ్వుతోందనీ, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయనీ ఆమెకు తెలియలేదు. విజయ చూసి, ప్రవళిక భుజం మీద చెయ్యి వేసి దగ్గరకు తీసుకుంది, అంతే.

గట్టు మీద యాదయ్య చిన్నగా కనబడుతున్నాడు, కర్ర పట్టుకుని, నిటారుగా. ఇప్పుడు ఆయన చూపంతా పడవ మీదే ఉంది.

పడవ దిగాక ఎట్లుందని అడిగాడు. ముత్తమ్మ తడి చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని, పై మెట్టు దాకా ఎక్కించింది.

తిరుగు ప్రయాణంలో ప్రవళిక నిద్రపోయింది. విజయ, ధనుంజయ్ వచ్చే ఏడు ఫణిగిరి వైపు పోదామా, సాగర్ పోదామా అని మాట్లాడుకున్నారు. ముత్తమ్మ ముందు సీట్లో కూర్చుంది. పొద్దు గూకుతున్న పొలాల మీది నుంచి కన్ను తిప్పకుండా సూర్యాపేట దాకా వచ్చింది.

మర్నాడు పక్కింటి రంగి వచ్చి ఏమేం చూశారని అడిగింది. ముత్తమ్మ తుమ్మచెట్టు గురించి చెప్పింది, కోదాడ ఇడ్లీల గురించి చెప్పింది, మిల్లుల వాసన గురించి చెప్పింది. నది దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ ఎడంగా చాపి, మెల్లగా, చాలా మెల్లగా, ఒకదానితో ఒకటి కలిపింది. రంగి ఆ చేతుల వైపు, ఆమె మొహం వైపు మార్చి మార్చి చూసి, ఇంకా చెప్పమన్నట్టు గడపలోనే చతికిలబడింది.