బూడిదరంగు నూలుండ

పదకొండో పుస్తకం వెన్ను మీది ఆకుపచ్చ నూలుపోగును బైండరు గోటితో పైకి లాగి, కత్తెర పెట్టబోయి ఆగాడు. ముందు అట్ట లోపలి పుస్తకం నంబరు. అంకెలొక్కటే ఆయనకు తడబాటు లేకుండా వచ్చు. జారిన కళ్లజోడు సర్దుకుని, నోటుపుస్తకంలో ఆకుపచ్చ కింద నంబరు దించాడు. అప్పుడు కత్తిరించాడు.

జర్మన్ పుస్తకాల గదిలో అలాంటివి ఇంకా రెండొందల పైచిలుకు. గోడ గడియారం పన్నెండు చూపిస్తోంది. ఐదు కల్లా ఒక్క పోగు కనపడకూడదని కొత్త ఆఫీసరు పొద్దున్నే చెప్పి పోయాడు. రేపు వెన్నుల మీద ఆ నంబరు చీటీలు అంటించేవాళ్లు వస్తారట. ఇది లైబ్రరీయా, దర్జీ కొట్టా అని అందరినీ నవ్వించాడు కూడా. బైండరు నవ్వలేదు.

ఆ పోగులు ప్రొఫెసరమ్మవి. ఆ భాష కథల్లో మళ్లీ మళ్లీ వచ్చే సంగతుల్ని ఆవిడ ఇరవై ఏళ్లుగా పట్టుకుంటోంది. ఒక్కో సంగతికి ఒక్కో రంగు. ఆవిడ చెప్పడం, ఈయన పుస్తకం కుట్టులో కట్టడం. అడవికి ఆకుపచ్చ. ఇల్లొదిలి తిరిగేవాడి బెంగకి నీలం. తండ్రి ముందు నోరు పెగలని కొడుక్కి నలుపు.

"వాళ్లకంత అడవి గోలేంటమ్మా?" అని ఒకసారి అడిగాడు.

"చలికాలం పొడుగు, పొద్దు చిన్నది. ఊరు దాటితే చెట్లే. భయపడ్డ చోటే కదయ్యా కథ పుట్టేది," అంది.

నలుపు గురించి చెప్పిన రోజు ఆయన తిన్నగా ఇంటికెళ్లాడు. మూడో తరగతిలోనే తన బడి మాన్పించిన తండ్రి సంగతి భార్యకు మొదటిసారి చెప్పాడు.

చిక్కేమిటంటే, ఆవిడ రాసుకున్న కాగితాల్లో పుస్తకాల పేర్లు లేవు, రంగులే ఉన్నాయి. పోగులు పోతే ఆ కాగితాలు దేనికీ పనికిరావు. ఆవిడేమో పది రోజులుగా ఆసుపత్రి మంచం మీద. నిన్న చూడ్డానికి వెళితే, పోగులు జాగ్రత్త అని మాత్రం అంది.

అన్నం డబ్బా విప్పలేదు. రెండింటికల్లా వేళ్లు కొంకర్లు పోయాయి. మూడింటికి ఆఫీసరు గుమ్మంలో నిలబడి, ఇలా రాస్తూ కూర్చుంటే తెల్లారినట్టే, ఇంకొకడి చేత అరగంటలో కోయిస్తానన్నాడు. బైండరు కత్తెర తీసి జేబులో వేసుకున్నాడు.

"ఐదు దాకా అన్నారు కదండీ."

ఆఫీసరు గడియారం వంక, ఆ జేబు వంక చూసి వెళ్లిపోయాడు.

నాలుగూ ఇరవైకి ఫోన్ మోగింది. ప్రొఫెసరమ్మ కూతురు.

"అమ్మ వెళ్లిపోయింది, బాబాయ్."

 అటునుంచి ఏడుపు వింటూ ఆయన మిగిలిన పుస్తకాలు లెక్కపెట్టాడు.

"ఇంకా నలభై ఉన్నాయి తల్లీ," అన్నాడు చివరికి. "రాసుకుని వస్తా."

ఐదుకి రెండు నిమిషాలున్నాయనగా ఆఖరి నీలం పోగు తెగింది. నోటుపుస్తకాన్ని చొక్కా లోపల, బనీనుకి ఆనించి దోపుకున్నాడు. కత్తెర పెట్టడానికి సొరుగు లాగాడు.

లోపల బూడిదరంగు నూలుండ. కొత్త సంగతొకటి దొరికింది, ఈ రంగు తెచ్చిపెట్టు, ఏమిటో తిరిగొచ్చాక చెబుతానని పోయిన నెల ఆసుపత్రికి వెళుతూ ఆవిడ తెమ్మన్నది. సొరుగు మూస్తుంటే, చుట్టిన కాగితమైనా విప్పని ఆ ఉండ ఖాళీ రీళ్ల మధ్యకి నెమ్మదిగా దొర్లింది.