పైకి తిప్పిన చక్రం

నేను ఒక మౌసుని. తెలుగులో ఎలుక అనొచ్చు గానీ ఎవరూ అనరు, అంటే నవ్వుతారు. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, పొడుగాటి తోక, ముందు రెండు మీటలు, వాటి మధ్య రబ్బరు తొడిగిన చిన్న చక్రం. ఆ చక్రమే నాకు అన్నం పెట్టింది, చివరికి ఆ చక్రమే నా కొంప ముంచింది. మనుషుల లెక్క చాలా సుళువు. పని జరిగితే అది వాళ్ళ తెలివి. జరక్కపోతే "ఈ మౌస్ పోయినట్టుంది" అంటారు. ఎన్నిసార్లు పోయానో నాకే తెలీదు.

ఎక్కడో సముద్రాల అవతల పెద్ద షెడ్డులో పుట్టాను. ఒక అమ్మాయి నా చక్రాన్ని పైకీ కిందికీ తిప్పింది. టిక్కు టిక్కుమని పలికాక తల ఊపి అట్టపెట్టెలో వేసింది. నన్ను పరీక్షించి బాగున్నానని ఒప్పుకున్న మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

విజయనగరంలో ఎర్నాయుడి నెట్ సెంటరులో కళ్ళు తెరిచాను. పరీక్షా ఫలితాలొచ్చిన రోజున నా మీద ఎన్ని చేతులు పడేవో! చెమట చేతులు, వణికే చేతులు, దేవుడికి దణ్ణం పెట్టుకొచ్చిన చేతులు. నంబరు కనపడేదాకా కిందికి తిప్పేవాళ్ళు. కనపడకపోతే మళ్ళీ పైకి తిప్పేవాళ్ళు. అయినా కనపడకపోతే "ఎర్నాయుడన్నా, ఈ మౌస్ సరిగ్గా తిరగట్లేదు" అనేవాళ్ళు. వాళ్ళ దుఃఖం తగ్గుతుందంటే ఆ నింద మోయడానికి నాకు అభ్యంతరం లేకపోయింది. ఆ తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చిపడ్డాయి. ఎర్నాయుడు సెంటరు మూసేసి, కంప్యూటర్లనూ కుర్చీలనూ నన్నూ ఒకే బేరంలో జానపద కళల కేంద్రానికి అమ్మేశాడు.

అక్కడే గౌరీశ్వరి చేతిలో పడ్డాను. ఆ కేంద్రంలో ఆమె ఆపరేటరు. నలభై దాటిన మనిషి, మాట మెత్తన. మీట నొక్కితే నొప్పి పుడుతుందేమో అన్నట్టు నొక్కేది. దసరాకి ఆయుధపూజ చేసి నాకూ పసుపు, కుంకుమ పెట్టేది. "ఇనాయకుడి వాహనం కదా" అని నవ్వేది. ఆ కుంకుమ నా చక్రం సందులో దిగబడి అక్కడే ఉండిపోయింది.

గౌరీశ్వరి 'అయ్య' అని పిలిచే తండ్రి అసిరయ్య, జముకు అనే తీగ వాయిద్యం మీటుతూ జముకులకథ చెప్పేవాడు. ఆయన జముకు అందుకుంటే చుట్టుపక్కల ఊళ్ళు పొయ్యి మీది కూర మాడబెట్టుకుని మరీ వచ్చేవట. ఇప్పుడు ఆయన లేడు. బతికుండగా ఒకసారి ఈ కేంద్రంవాళ్ళు పిలిపించి టేపుల మీద ఎక్కించారు. ఇన్నేళ్ళకు ఆ టేపులన్నిటినీ కంప్యూటర్లోకి మార్చే పని కూతురి చేతికే వచ్చింది. ఒక్కో టేపునూ ముక్కలుగా కోసి, ముక్కకో పేరు పెట్టేది. మార్చిన టేపుల్ని సూపరింటెండెంటు పట్నాయక్ గారు పాతసామాన్లవాడికి వేయించేవారు. "ఎక్కించీశాం కదమ్మా, ఇంకా చెత్తెందుకు?" అనేవారు.

అసిరయ్య టేపులో ఒకచోట కథ మధ్యలో గొంతు ఎండిపోతుంది. ఆయన జముకు ఆపి, "గౌరీ, కూసిన్ని నీల్లట్రాయే" అని పిలుస్తాడు. అప్పటికి ఆమె ఏడెనిమిదేళ్ళ పిల్ల, గుమ్మం దగ్గర కూర్చుని ఉందట. పిల్ల ఏమని జవాబు చెప్పిందో మైకుకు అందలేదు. ఆ మాట విన్న రోజున గౌరీశ్వరి నన్ను వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ ముక్కకి 'గౌరి నీళ్ళు' అని పేరు పెట్టింది.

దాన్ని తన ఫోనులోకి ఎక్కించుకుంటానని పట్నాయక్ గారిని అడిగింది.

"ఇది కేంద్రం ఆస్తమ్మా. అన్నీ కొత్త సర్వరు పెట్టెలోకి చేరనీ, అప్పుడు చూద్దాం" అన్నారాయన. 'అప్పుడు చూద్దాం' అనే మాటకి ఆఫీసుల్లో ఏమర్థమో మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఆమె పెద్దమనిషి మాటకి ఎదురుచెప్పే రకం కాదు. చేరేదాకా చూద్దామనుకుంది. అంతకు మించి ఆమెకి ఈ ఉద్యోగంలో కోరికంటూ లేదు.

కొత్త పెట్టెలోకి చేర్చే పని ఇలా జరిగేది. ఒక్కో కళాకారుడి పాటలు ముందు ఈమె కంప్యూటర్లోంచి పాత సర్వరులో ఒక అరలోకి మారతాయి, ఇక్కడ మిగలవు. అక్కడినుంచి కొత్త పెట్టెలోకి నకలు తీయాలి. అన్నీ వచ్చాయో లేదో సరిచూసుకోవాలి. ఆ తర్వాత అరను ఖాళీ చేసి, తరువాతి కళాకారుణ్ణి అందులోకి దింపాలి. ఎవరొచ్చినా అర ఒకటే, ఖాళీ చేసే కమాండూ ఒకటే. అరలోకి దింపడం వరకే నా పని, మిగతాదంతా టెర్మినల్ అనే నల్ల కిటికీలో జరిగేది. అందులో బొమ్మలుండవు, బొత్తాలుండవు, అక్షరాలే. ఏం కొట్టాలో హైదరాబాదు నుంచి చక్రధర్ అనే ఇంజనీరు ఫోనులో చెప్పేవాడు, దాని అర్థం తెలియకపోయినా ఈమె కొట్టేది. అతనిది గుంటూరు వైపు. పేరులో చక్రం పెట్టుకున్నాడు గానీ నా చక్రం సంగతి అతనికీ అంతుబట్టలేదు.

ఎందుకంటే ఆ కిటికీలో నేను తిక్కగా ప్రవర్తించేవాణ్ణి. మిగతాచోట్ల చక్రం పైకి తిప్పితే పైన ఉన్నది కనపడుతుంది. అక్కడ మాత్రం అంతకుముందెప్పుడో కొట్టిన కమాండు వచ్చి కింది వరసలో కూర్చునేది.

"పైకి తిప్పుతుంటే పైనున్నవి రావట్లేదండి. ఎప్పుడో కొట్టినవి వచ్చీస్తన్నాయి" అని ఆమె ఫోనులో మొత్తుకునేది.

"మౌస్ మార్చి చూడండి" అనేవాడు చక్రధర్.

మార్చారు. కొత్తదీ అదే పని చేసింది, మళ్ళీ నన్నే తగిలించారు. కుంకుమ అడ్డుపడిందని పిన్నీసుతో గీకారు. నోటితో ఊదారు. కిటికీ మూలని పట్టుకుని సాగదీశారు. సాగదీస్తే వరసలన్నీ ఒకదాని మీదకొకటి ఎక్కి ఇంకా కలగాపులగమయ్యాయి. అసలు సంగతి నాకు తెలుసు. ఆ కిటికీ లోపల ఇంకో కిటికీ ఉంది. గడిచిన వరసలన్నీ లోపలి కిటికీ దగ్గర భద్రంగా ఉన్నాయి, పైకిటికీకి గతం లేదు. నేను "పైన ఉన్నది చూపించు" అని కబురు పెడితే పైకిటికీ దాన్ని "పైబాణం మీట నొక్కారు" అని మార్చి లోపలికి చెప్పేది. పైబాణానికి అక్కడ అర్థం 'వెనకటి కమాండు తీసుకురా' అని. నా మాట దారిలోనే వేరే మాటైపోయేది. ఈ సంగతి ఎవరికి చెప్పను, నాకు నోరేదీ?

అసిరయ్య వంతు వచ్చిన రోజు గౌరీశ్వరి తలంటుకుని వచ్చింది. నకలు మొదలైంది. పేర్లు చకచకా పైకి పరుగెత్తి, ఒకచోట ఆగిపోయాయి.

"ఏం కనపడుతోందండీ?" అన్నాడు ఫోనులో చక్రధర్.

"కొన్ని రాలేదని ఏటో పడిందండి. ఏవి రాలేదో ఆ పేర్లు పైకెలిపోనాయి."

"కొంచెం పైకి తిప్పి చూడండి."

ఆమె తిప్పింది. నేను తిరిగాను, తిరగడం తప్ప నా చేతిలో ఏముంది? ఒక టిక్కు, ఇంకో టిక్కు, ఇంకోటి. అంతకుముందు ఇంకో కళాకారుడి పాటలు సరిచూసుకున్నాక కొట్టిన కమాండు వచ్చి కింది వరసలో కూర్చుంది. అరను ఖాళీ చేయమన్నదే అది.

"పైకెల్లట్లేదండి. మనం ముందెప్పుడో కొట్టింది వచ్చి కూకుంది."

"అబ్బా, మళ్ళీ ఆ మౌస్ గోలేనా! ముందు అది కొట్టేయండి."

ఇక్కడ మీరు ఒక సంగతి తెలుసుకోవాలి. విజయనగరం మనిషి ఏ పనినీ ఉత్తిగా చెయ్యడు. తింటే తినీసాడంటారు, చెబితే చెప్పీసాడంటారు. ఎంటర్ నొక్కమనడానికి కూడా 'ఎంటర్ కొట్టీయ్' అంటారు, అందులో విశేషమేమీ లేదు. గుంటూరు మనిషి 'కొట్టేయండి' అంటే మాత్రం రాసినదాని మీద అడ్డగీత గీసెయ్యమని, తుడిచెయ్యమని. అదీగాక పొద్దుట్నుంచీ అతను "ఎంటర్ కొట్టండి" అంటూనే ఉన్నాడు, ఆమె కొడుతూనే ఉంది.

ఆమె వేలు మీట మీద ఆగింది. "కొట్టీమంటారా?" అంది.

"ఆఁ ఆఁ, కొట్టేయండి."

కొట్టింది.

నల్ల కిటికీకి మంచి వార్తకైనా చెడ్డ వార్తకైనా ఒకటే మొహం. ఏమీ అనలేదు, కొత్త వరస ఒకటి చూపించి ఊరుకుంది.

"కొట్టీసానండి. ఏటీ రాలేదు, ఊరికే ఉంది."

"కొట్టేశారంటే... చెరిపేశారు కదా?"

"చెరపడమేటండి? ఎంటర్ కొట్టీసాను. మీరే కదా కొట్టీమన్నారు."

అతను, "మేడం, మా వైపు కొట్టేయడమంటే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. మళ్ళీ అందుకుని, "ఇక ఏమీ ముట్టుకోకండి. పోయినవి ఒక్కోసారి వెనక్కి తీయొచ్చు. దాని మీద కొత్తవి ఏవీ పడకూడదు, అంతే. రాత్రి బండికి బయలుదేరి వస్తాను" అన్నాడు.

గౌరీశ్వరి పరుగున వెళ్ళి, ఏదీ ముట్టుకోవద్దన్న మాటతో సహా పట్నాయక్ గారికి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాడు. అయ్యో అన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు. ఆమెని ఇంటికి వెళ్ళి కాస్త పడుకోమన్నారు. ఆమె వెళ్ళాక ఆయనకి పైఅధికారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది, పని ఎంతవరకు వచ్చిందని. పట్నాయక్ గారు గాభరాగా నా ముందు కూర్చుని, తరువాతి కళాకారుడి పాటల్ని తన చేతులతోనే ఆ అరలోకి దింపేశారు. నన్ను పట్టుకునే దింపారు. నిజం ఎలుకనైతే చెయ్యి కొరికేవాణ్ణి.

పొద్దున్నే వచ్చి చూసిన గౌరీశ్వరి గుమ్మంలోనే నిలబడిపోయింది. "సార్, ఆ ఇంజనీరొచ్చీదాకా ఏటీ ముట్టుకోవద్దన్నారు కదండి!"

"అర ఖాళీగానే ఉంది కదమ్మా" అన్నారు పట్నాయక్ గారు.

చక్రధర్ స్టేషను నుంచి సరాసరి వచ్చాడు. అరవకుండా, ఎవర్నీ తప్పుపట్టకుండా సాయంత్రందాకా ప్రయత్నించాడు. చివరికి కుర్చీ వెనక్కి జరిపి, "దాని మీద కొత్తవి పడ్డాయండీ. ఇక రావు" అన్నాడు. కొత్త పెట్టెలోకి అసిరయ్యది మొట్టమొదటి ముక్క ఒక్కటే చేరిందట. తక్కినవి చేరకుండానే మధ్యలో వైరు వదులైపోయిందట. ఆ ఒక్కటీ వినిపించాడు. జముకు తీగని ఎవరో బిగిస్తున్నారు. జుమ్, జుమ్మని శ్రుతి కుదిరింది. అసిరయ్య గొంతు సవరించుకున్నాడు. కథ మొదలవుతుందని గదిలో అందరూ ముందుకు వంగారు. అక్కడితో అయిపోయింది.

గౌరీశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఏదో ఒకటి చెయ్యకపోతే చక్రధర్‌కి కాలు నిలవలేదు. వెళ్ళేముందు నా సంగతి పట్టుకున్నాడు. ఎక్కడో వెతికి, లోపలి కిటికీకి ఒకే ఒక్క వరస రాశాడు. చక్రం కబురు ఇకమీదట తనకే నేరుగా చెప్పాలని దాని అర్థం. "ఇప్పుడు తిప్పండి మేడం, పైకి వెళ్తుంది" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆమె తిప్పింది. నా జన్మలో మొదటిసారి ఆ కిటికీలో నా మాట నా మాటగా చేరింది. గడిచిన వరసలు ఒక్కొక్కటే బుద్ధిగా కిందికి దిగివచ్చాయి. నిన్న ఆమె చూడాలనుకున్న పేర్లన్నీ వచ్చాయి. అన్నీ ఆమె పెట్టిన పేర్లే, ప్రతి పేరు పక్కనా రాలేదు, రాలేదు అని ఉంది. వాటి మధ్యలో 'గౌరి నీళ్ళు' కనపడగానే ఆమె వేలు ఆగిపోయింది. నాకు సరిగ్గా పనిచేయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఆమె ఉద్యోగం పోకుండా చూడాలని పట్నాయక్ గారు పైవాళ్ళకి మౌస్ చెడిపోవడం వల్ల జరిగిందని చెప్పారు. వాళ్ళు వెంటనే నమ్మారు. మౌస్ మాట ఎవరైనా నమ్ముతారు. కొత్త మౌస్ వచ్చింది, నన్ను అటక మీది అట్టపెట్టెలో పడేశారు. అందులో ఖాళీ టేపు డబ్బాలున్నాయి, వాటి మీద పేర్లున్నాయి, లోపల టేపులు లేవు.

మొన్న ఒక మధ్యాహ్నం గౌరీశ్వరి పాడైన స్టేప్లరు పడేయడానికి ఆ పెట్టె దించింది. నన్ను చూసింది. బయటికి తీసి, పైటచెంగుతో దుమ్ము తుడిచింది. సందులో కుంకుమ ఇంకా ఉంది. నా తోక ఇప్పుడు దేనికీ తగిలించి లేదని తెలిసి కూడా, వేలు పెట్టి మెల్లగా పైకి తిప్పింది. టిక్కు, టిక్కు, టిక్కు. ఎంత తిప్పినా నా దగ్గర చూపించడానికి ఏముంది?

"వస్తన్నానయ్యా" అంది, చిన్నపిల్లలా.

తర్వాత నన్ను డబ్బాల మధ్య పెట్టి, అట్ట మూసేసింది.